ఆఖరి తొట్టిలో అంబలి

తిరుపతిలో ఒంటరిగా ఉండే మనిషికి ఫోన్లు ఎక్కువ వస్తాయి. ఎలా ఉన్నావని అడుగుతారు. నా జవాబు పూర్తి కాకముందే దర్శనం టికెట్లు దొరుకుతాయా, కొండ మీద గది దొరుకుతుందా అన్న మాటకు వచ్చేస్తారు. నేను గుడికి వెళ్ళనని, ఆ వైపు నాకు ఎవరూ తెలియరని బంధువులందరికీ తెలుసు. అయినా తిరుపతిలో ఇల్లున్నవాడికి దేవుడి దగ్గర కాస్తయినా పలుకుబడి ఉంటుందని వాళ్ళ నమ్మకం. వస్తారు. ముందు గదిలో సంచులు పెడతారు, స్నానాలు చేస్తారు, కొండెక్కుతారు. మర్నాడు గుండ్లతో దిగివచ్చి సంచులు తీసుకుని, టేబుల్ మీద ఒక లడ్డు పెట్టి వెళ్ళిపోతారు. ఆ లడ్డు నేను తింటాను. శనగపిండి, చక్కెర, నెయ్యి. వాటితో నాకు తగువేమీ లేదు. వాళ్ళు వెళ్ళాక దండెం మీద మిగిలిపోయే తడి తువ్వాలుతోనే తగువు. దాన్ని ఆరబెట్టి, మడిచి, ఎవరిదో గుర్తులేక అలాగే ఉంచుతాను. అలమరలో అలాంటివి ఒక అర నిండా ఉన్నాయి.

నా ఉద్యోగం కూడా నలుగురిని దగ్గరికి చేర్చేది కాదు. పట్టణాల మురుగునీటిని శుద్ధి చేసే కేంద్రాలు అనుమతి షరతుల ప్రకారం నడుస్తున్నాయో లేదో చూసి రాయడం నా పని. గేటు దగ్గర అందరూ నవ్వుతూ ఎదురొస్తారు. ఆ నవ్వు నాది కాదు, నా సంతకానిది. కొబ్బరిబోండాం కొట్టించి తెస్తారు, తాగను. తనిఖీకి వెళ్ళిన చోట మంచినీళ్ళు కూడా ముట్టకూడదని ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నియమం పెట్టుకున్నాను. నా నీళ్ళు నా సీసాలో, నా పెరుగన్నం నా డబ్బాలో. జీపులో కూర్చుని తింటాను. మా డ్రైవరుకు అలాంటి నియమాలు లేవు. అతను లోపల సిబ్బందితో కలిసి తిని, వాళ్ళ ఇళ్ళల్లో సంగతులన్నీ మోసుకొస్తాడు. ఈ జిల్లాలో మురుగునీటి దగ్గర పనిచేసే మనుషుల గురించి నాకు తెలిసినదంతా అతని నోటి వెంట విన్నదే.

చిత్తూరులో చదువుకునే రోజుల్లో నేనిలా ఉండేవాణ్ణి కాదు. బియ్యం దుకాణం పైన ఒక మేడగదిలో ఆదివారాలు చేరేవాళ్ళం. గొంతులు పోయేదాకా వాదించుకునేవాళ్ళం. ఒకడు కావాలనే ఎదుటి పక్షం తీసుకుని మాట్లాడాలి. అది మా పద్ధతి. సంతల్లో నాలుక మీద కర్పూరం వెలిగించి చూపి, ఇందులో మహిమ లేదు, ఉమ్మి ఉంది అని చెప్పేవాళ్ళం. జనం నవ్వేవాళ్ళు, తిట్టేవాళ్ళు, ఒక్కోసారి తరిమేవాళ్ళు. తరిమితే కలిసి పరిగెత్తేవాళ్ళం. ఆ గదిలోవాళ్ళలో ఒకాయన పోయాడు. ఒకాయన రోజూ పొద్దున్నే దేవుడి పటంతో నాకు శుభోదయం పంపిస్తాడు. ఇంకొకాయన ఇప్పటికీ గట్టివాడే, కానీ ఎవరు ఎక్కడ రాజీపడ్డారో తప్ప వేరే మాట ఆయన నోటి నుంచి రాదు. అందుకని ఆయనకు నేనే ఫోన్ చెయ్యను. ఇప్పుడు నా వాదన అంతా చిన్న పత్రికల్లో వ్యాసాలుగా వస్తుంది. ఎదుటి పక్షం కూడా నేనే తీసుకోవాలి.

మురుగునీటి గురించి నేను చాలాసార్లు రాశాను. మనవాళ్ళు మైల అన్న మాట చుట్టూ కట్టినన్ని నియమాలు ప్రపంచంలో ఎవరూ కట్టి ఉండరు. ఎవరు ముట్టుకుంటే ఎవరు స్నానం చెయ్యాలో చెప్పారు, ఎంగిలి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పారు. స్నానం చేసిన నీళ్ళు ఎటు పోతాయో మాత్రం ఎవరూ అడగలేదు. అవి ఎవరి ఇళ్ళ ముందు నుంచి పోతాయో తెలుసు కాబట్టే అడగలేదు. మడి కట్టుకున్న ఇంటి మురుగు ఎప్పుడూ మడి లేనివాళ్ళ పేటలోకే పారింది. ఈ దేశంలో శుద్ధి అన్న మాటకు నిజమైన అర్థం ఎక్కడైనా ఉందంటే ఊరి చివర ముక్కు మూసుకుని దాటే ఈ కేంద్రాల్లోనే ఉంది.

నేను చెప్పబోయే కేంద్రం చిత్తూరు వైపు ఒక చిన్న పట్టణానిది. చుట్టూ మామిడి తోటలు, వెనక బండలగుట్ట. ఊరి మురుగంతా వచ్చి మొదటి తొట్టిలో పడుతుంది. అక్కడ కమ్మీల దగ్గర షాంపూ కవర్లు, గుడ్డపేలికలు, దేవుడి పటాలకు వేసి తీసేసిన దండలు ఆగిపోతాయి. తర్వాతి పెద్ద తొట్టిలోకి అడుగు నుంచి గాలి ఊదుతారు. ఆ గాలి పీల్చి బతికే కంటికి కనబడని జీవులు మురుగును తింటాయి. తిని బరువెక్కి, పక్క తొట్టిలో అడుక్కి దిగుతాయి. పైన తేరిన నీళ్ళు ఆఖరి తొట్టిలోకి వచ్చి అక్కడి నుంచి వంకలో కలుస్తాయి. నేను శాంపిలు తీయాల్సింది ఆ ఆఖరి తొట్టిలోనే. ఊరికీ వంకకూ మధ్య సరిహద్దు అదే.

కేంద్రాన్ని నడిపేది కాంట్రాక్టు మీద పనిచేసే ఒక ఆవిడ. నలభై దాటిన మనిషి, మోటార్ల పని చదువుకుని వచ్చింది. అంతకు ముందు ఏడు అక్కడి నీళ్ళు పరీక్షలో ఒకసారి తప్పాయి. నేను చెప్పే ఏడాది అనుమతి పునరుద్ధరణకు వచ్చింది. ఇంకోసారి తప్పితే అనుమతి ఆగిపోతుంది, పాత కాంట్రాక్టు పోతుంది, కొత్తగా వచ్చేవాడు తన మనుషుల్ని తెచ్చుకుంటాడు. అంటే ఆవిడ ఉద్యోగం నేను తీసే ఒక్క శాంపిలు మీద నిలబడి ఉంది. ఈ సంగతి నాకు తెలుసు. నాకు తెలుసని ఆవిడకూ తెలుసు.

తనిఖీకి ముందుగా కబురు పంపి మే నెలలో బయలుదేరాను. తిరుపతిలో గంగజాతరకు చాటింపు వేసిన మర్నాడు. చాటింపు పడ్డాక జాతర ముగిసేదాకా ఊరివాళ్ళు పొలిమేర దాటి రాత్రి బయట ఉండకూడదంటారు. మా ఇంటి యజమానురాలు గేటు దగ్గర ముగ్గు వేస్తూ తలెత్తింది.

"సాటింపు ఏసినారు సార్. యాడికి?"

"చిత్తూరు వైపు. పనుంది."

"పొద్దు గూకేలోపల వచ్చేయండి. మీకు నమ్మకం లేకపోయినా మాకుండాది గదా."

ఆ మాటలో కోపం లేదు. నా కోసం తను నమ్మిపెడతానన్నట్టు చెప్పింది. జీపెక్కాను.

మేము చేరేసరికి కేంద్రంలో కరెంటు లేదు. పురపాలక ఇంజనీరు గేటు దగ్గరే ఉన్నాడు, చిన్న వయసువాడు, చొక్కా ఇస్త్రీ నలగలేదు. జనరేటరు ఆ పొద్దే మొరాయించిందని చెప్పాడు. నీళ్ళు కదలడం లేదు. ఆఖరి తొట్టి గట్టు మీద ఒక గుండ్రాయి, దానికి పసుపు, కుంకుమ బొట్టు, చుట్టూ వేపమండలు. అంతకు ముందు ఏడు అది అక్కడ లేదు.

"ఇదెప్పుడు వెలిసింది?" అన్నాను.

ఇంజనీరు ఆవిడ వైపు చూశాడు. ఆవిడ చీర కొంగు నడుముకు దోపుకుని నా ఎదురుగా నిలబడింది.

"గంగమ్మ సామీ. నీళ్ళుండే సోట ఆమె ఉండాల గదా."

"ఈ నీళ్ళల్లోనా?"

"ఇవీ నీళ్ళే గదా."

జాతర కాలం, అన్ని చోట్లా పసుపూ వేపాకూ ఉంటాయి, నేను ఇంకేమీ అడగలేదు. కరెంటు రావడానికి గంటకు పైగా పట్టింది. మోటార్లు తిరగడం మొదలవగానే నీటి మీది వేపాకులను పక్కకు నెట్టి, తొట్టిలో చెంబు ముంచి క్యాన్లు నింపాను. నీళ్ళు కొద్దిగా తెల్లగా, పలచటి తరవాణిలా ఉన్నాయి. సీలు వేశాను. ఇంజనీరు సంతకం పెట్టాడు. ఆవిడ నా చేతుల వైపే చూస్తూ నిలబడింది. మంచుపెట్టెలో క్యాన్లు సర్ది మూత వేసేటప్పుడు ఆ రాయి వైపు తిరిగి ఒకసారి చెంపలు వేసుకుంది.

దారిలో మామిడి చెట్టు కింద జీపు ఆపించి డబ్బా విప్పాను. డ్రైవరు ఆపాటికే లోపల తినేశాడు. బానెట్టుకు ఆనుకుని కాసేపు గొంతు సవరించుకున్నాడు.

"సార్, ఒక మాట. కోప్పడొద్దు."

"చెప్పు."

"ఆ నీళ్ళు అట్ల తెల్లగా ఉండేది మిషను తప్పు కాదు. అక్క పొద్దున్నే అంబలి పోసినాది ఆ తొట్లో. రాగంబలి. మజ్జిగ, ఎర్రగడ్డలు అంతా ఏసి, దబరా నిండా."

"ఎందుకు?"

"మీరొస్తాండారని."

నేను ముద్ద నోట్లో పెట్టుకోలేదు.

"అమ్మవారు పోసినప్పుడు సల్లబడాలని పోస్తారు గదా సార్, అట్ల."

"అంటే నేనొక జబ్బునా?"

"నేనన్లేదు సార్. మీరే అంటాండారు."

వెనక్కి తిరిగి వెళ్దామా అని అతను అడగలేదు, నేనూ అనలేదు. సీలు పడ్డాక చెప్పే కారణాలు వినకూడదన్నది ఈ పనిలో మొదటి పాఠం. ఎలుక పడిందంటారు, వాన పడిందంటారు, పక్క ఊరివాడు విషం కలిపాడంటారు. అన్నీ వింటే ఏ శాంపిలూ మిగలదు. పెరుగన్నం తినేసి డబ్బా కడుక్కుని జీపెక్కాను. పొద్దు గూకేలోపల తిరుపతి చేరాను. యజమానురాలు గేటు దగ్గర చూసి తల ఊపింది.

పరీక్షకు మూడు రోజులు పట్టింది. శాంపిలు తప్పింది. తప్పడమంటే గీత మీద కాదు, చాలా ఎక్కువగా.

ఆ కాగితం చేతిలో ఉండగానే నా తలలో వ్యాసం మొదలైంది. నీళ్ళు బాగుండాలని దేవతకు పోసిన నైవేద్యమే నీళ్ళను చెడగొట్టింది. ఇన్నేళ్ళు రాసిన దానికి ఇంతకన్నా శుభ్రమైన ఉదాహరణ నాకెక్కడ దొరుకుతుంది? మేడగదిలో ఈ మాట చెప్పి ఉంటే బల్లలు విరిగేలా చరిచేవాళ్ళు. మొదటి వాక్యం, చివరి వాక్యం రెండూ సిద్ధమయ్యాయి. మధ్యలో ఆ ఇంజనీరు ఫోన్ వచ్చింది. ఫలితం అతనికి అప్పుడే తెలిసింది.

"సార్, ఆమె అంబలి పోసినట్ల నేనే రాసిస్తాను. సంతకం పెట్టి ఇస్తాను. మిషన్లకు దీంతో సంబంధం లేదు సార్. అంతా మూఢనమ్మకం."

"తర్వాత?"

"ఆమెని తీసేస్తాము. అనుమతి మాత్రం ఆపొద్దు సార్. మీరు పత్రికల్లో రాస్తారంట గదా, ఇట్లాంటివి మీకు సెప్పాల్నా."

"ఆ రాయికి పూజ చేసినప్పుడు మీరూ అక్షింతలు వేశారని విన్నాను."

ఇదీ డ్రైవరు మోసుకొచ్చిన సంగతే.

"అది ఫొటో కోసరం సార్. కావాలంటే కాణిపాకానికి రండి, ప్రమాణం చేస్తాను, నాకు ఆ అంబలి సంగతి ఆ పొద్దు తెలీదు."

ఫోన్ పెట్టేశాక నా వాక్యాలు నాకే వేరేగా వినిపించాయి. నేను ఇన్నేళ్ళు ఎవరి మీద విసరాలని రాళ్ళు ఏరుకున్నానో వాళ్ళే వచ్చి, ఇటివ్వండి, మేం విసురుతాం, అదుగో ఆవిడ మీద అంటున్నారు. మూఢనమ్మకం అన్న మాట ఎంత సులువుగా దొరికిపోయింది అతనికి. కరెంటు లేకపోవడం, జనరేటరు తిరగకపోవడం, నీళ్ళు నిలిచిపోవడం, అన్నీ ఆ ఒక్క మాట కింద పడుకున్నాయి. పైగా అసలు నాకేం తెలుసు? ఒక డ్రైవరు చెప్పాడు, నీళ్ళు తెల్లగా ఉన్నాయి, అంతే. అంబలి వల్ల నీళ్ళు బాగుపడతాయని ఆవిడ పరీక్ష లేకుండా నమ్మింది. అంబలి వల్లే చెడ్డాయని పరీక్ష లేకుండా నేను నమ్మితే ఇద్దరం ఒకే రాయికి మొక్కినట్టే.

మళ్ళీ వెళ్ళి చూడాలి. అందులో సందేహం లేదు. కానీ ఒకసారి తప్పిన శాంపిలుకు రెండోసారి వెళితే, ఏం ముట్టిందో అని మా ఆఫీసులోనే అంటారు. ఇంతకాలం మంచినీళ్ళు కూడా ముట్టకుండా కూడబెట్టుకున్న పేరు అదొక్కటే. ఎవరితోనైనా మాట్లాడాలనిపించింది. చిత్తూరులో ఉన్న ఆ గట్టి మనిషి నంబరు తీశాను. ఆయన ఏమంటాడో తెలుసు. ఆవిడని కాపాడాలని ఉంది కాబట్టి కారణాలు వెతుకుతున్నావు అంటాడు. అది నిజమో కాదో నాకే తెలియలేదు. నంబరు చూస్తూ కూర్చుని, ఫోన్ పక్కన పెట్టేశాను.

అప్పటికి జాతర నడుస్తోంది. సాయంత్రం వీధిలో డప్పులు వినిపిస్తే గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఒళ్ళంతా కుంకుమ పూసుకుని, తలకు పూలు చుట్టుకుని వేషం కట్టిన ఒకతను నా ముందు ఆగాడు. జాతరలో వేషం కట్టినవాడు ఎవరినైనా తిట్టవచ్చు, అది అమ్మవారికి ఇష్టమంటారు. నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసి, మా నాయనతో మొదలుపెట్టి మూడు తరాలను ఓపిగ్గా తిట్టాడు. ఇక్కడ రాయడానికి వీల్లేని మాటలు. చివర్లో, "ఏందప్పా, తిట్టినా నవ్వవు, ఏడవవు, నీకు ఎవురూ లేరా?" అని అడిగి, జవాబుకు ఆగకుండా పక్కింటికి వెళ్ళిపోయాడు. ఆ వారంలో టికెట్టూ సంతకమూ అవసరం లేకుండా నాతో మాట్లాడింది అతనొక్కడే.

జాతర ముగిశాక కబురు పంపకుండా వెళ్ళాను. ఆవిడ గాలి ఊదే బ్లోయరు గదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"సెప్పకుండా వచ్చినారే సామీ."

"చెప్తే అంబలి కాస్తారని."

డ్రైవరు జీపు వెనక్కి తప్పుకున్నాడు. ఆవిడ అతని వైపు ఒక చూపు చూసి, "నీ నోట్లో నువ్వుగింజ నానదు గదరా" అంది. తర్వాత నా వైపు తిరిగింది. తప్పించుకోవాలన్న చూపు కాదు.

"పోసినాను. లేదనను. మీ కోసరమే పోసినాను."

"ఆ అంబలి వల్లే నీళ్ళు తప్పాయేమోనని నా అనుమానం."

"అంబలి తగిలి నీళ్ళు సెడిపోతాయా సామీ? ఊరంతా తిని పంపినదే గదా ఈడికి వచ్చేది. అంతా బాగైపోయి, నా దబరాడు అంబలే బాగుగాకుండా పోయినాదా?"

నేను చాలా వాదనలు విన్నాను. ఆ ప్రశ్న నిలబడే ప్రశ్న. కాకపోతే దానికి జవాబుంది. ఆవిడని పెద్ద తొట్టి గట్టు మీదికి తీసుకెళ్ళి చూపించాను. ఊరు తిని పంపినదాన్ని ఇక్కడ గాలి పీల్చే జీవులు తింటున్నాయి. మీ అంబలిని ఇక్కడ పోసి ఉంటే దాన్నీ తినేసేవి. మీరు ఆఖరి తొట్టిలో పోశారు. అక్కడ తినేవాళ్ళు లేరు. ఆ రోజు కరెంటు లేదు, నీళ్ళు కదల్లేదు, అంబలి అడుగున నిలిచింది. మోటార్లు తిరగ్గానే అది లేచింది, నేను చెంబు ముంచాను. ఇది నా లెక్క. లెక్క సరైనదో కాదో ఇవాళ తేలుతుంది.

"ఆ రోజు జనరేటరు ఎందుకు తిరగలేదు?" అని అడిగాను.

"డీజిలు ఉంటే గదా సామీ తిరిగేదానికి. ఎన్ని తూర్లు అడిగినా ఇయ్యలేదు."

ఈసారి నేను ఆఖరి తొట్టికి ముందు, తేరిన నీళ్ళు గట్టు దాటే చోట ఒక శాంపిలు తీశాను. ఆఖరి తొట్టిలో, పారుతున్న నీటిలో ఇంకొకటి తీశాను. అంబలి తప్ప ఇంకేదో లోపముంటే మొదటి దానిలోనే పట్టుబడుతుంది. ఆవిడకి ఈ మాట కూడా చెప్పాను. మిషన్ల లోపమే అని తేలితే ఉద్యోగం పోతుందని విడిగా చెప్పాల్సిన పని లేదు. ఆవిడ క్యాన్లు పట్టుకుని నిలబడింది. సీలు వేసి సంతకం చేయించాను.

బయలుదేరబోతుంటే ఆ రాయి కనిపించింది. వేపాకులు ఎండిపోయాయి. ఆ క్షణంలో నా నోటి నుంచి వచ్చిన మాట మేడగదివాళ్ళు విని ఉంటే ఏమనేవాళ్ళో.

"ఆ రాయిని ఇక్కడ ఉంచొద్దమ్మా. మీకు పొయ్యాలనే ఉంటే మొదటి తొట్టి దగ్గర పెట్టుకుని పోసుకోండి. అక్కడైతే నీళ్ళకు ఏమీ కాదు."

ఆవిడ ముక్కు మీద వేలేసుకుంది.

"ఆడ కంపు సామీ. అమ్మోరిని కంపులో పెడతామా?"

"కంపు లేని చోట ఆమెతో మీకేం పని?"

జీపు గేటు దాటేదాకా ఆవిడ ఆ రాయి దగ్గరే నిలబడి ఉండడం అద్దంలో కనిపించింది.

నిన్ను నువ్వు దేవతలకు చోటు చూపించే స్థపతిని చేసుకున్నావని దారి పొడుగునా ఎదుటి పక్షం వాదించింది. చెప్పాల్సింది వద్దు అని కదా, అక్కడ కాదు ఇక్కడ అని కాదు కదా. నా పక్షం జవాబు ఒకటే: నా ఉద్యోగం నీటి గురించి. ఆ జవాబు సరిపోయిందో లేదో ఇప్పటికీ తేల్చలేదు.

రెండు శాంపిళ్ళూ నెగ్గాయి.

నివేదిక రాయడానికి ఒక రోజంతా పట్టింది. మొదటి శాంపిలు తీసిన రోజు విద్యుత్తు లేక నీరు నిలిచి ఉందని, జనరేటరులో డీజిలు లేదని, నిలిచిన నీటిలో బయటి ఆహార పదార్థం కలిసిందని రాశాను. గంగమ్మను, అంబలిని, ఆవిడని, అక్షింతలను, అన్నిటినీ ఆ మూడు మాటల్లో పెట్టాను: బయటి ఆహార పదార్థం. జనరేటరు ఎప్పుడూ పనిచేసే స్థితిలో ఉండాలి, ఆఖరి తొట్టికి మూత వేయాలి అని రెండు షరతులు పెట్టి అనుమతికి సిఫారసు చేశాను. ఆ రెండూ ఆ ఇంజనీరు చెయ్యాల్సినవి. మా ఆఫీసులో ఒకాయన ఆ కాగితం చదివి, "రెండుసార్లు పోయినట్టున్నారే" అని నవ్వాడు. అంతకు మించి ఏమీ అనలేదు. అది చాలు, చాలాకాలం వెంటాడడానికి.

అనుమతి వచ్చింది. ఆవిడ ఉద్యోగం నిలిచింది. కబురు డ్రైవరే తెచ్చాడు, ఆవిడ అన్న మాటతో సహా.

"అక్క ఏమంటాండాదంటే సార్, మొదటి తూరి అమ్మ పరీక్ష పెట్టినాదంట. రెండో తూరి మీ మనసులో దూరి మల్లా ఈడికి పంపించినాదంట."

"నా మనసులో దూరిందా?"

"అవును సార్. లేకుంటే ఇట్లాంటి సారు మల్లా వస్తాడా అంటాండాది."

నేను గెలిచాను. మొదటి శాంపిలుకూ తర్వాతి వాటికీ మధ్య తేడా చూపించి, అంబలి చేసిందేమిటో, చెయ్యనిదేమిటో ఎవరూ కాదనలేని విధంగా నిరూపించాను. ఆ నిరూపణే ఆవిడకి గంగమ్మ మహిమకు సాక్ష్యమైంది. ఈ సంగతి విని పగలబడి నవ్వి, తర్వాత నాతో సాయంత్రం దాకా పోట్లాడే మనుషులు ఒకప్పుడు ఉండేవాళ్ళు. వ్యాసం రాయలేదు. రాస్తే ఆ పట్టణమేదో పోల్చుకుంటారు, ఆవిడని పట్టుకుంటారు. ఇప్పుడు ఆవిడ అక్కడ లేదు, సొంతంగా మోటార్ల దుకాణం పెట్టుకుంది, అందుకే ఈ నాలుగు మాటలైనా.

మరుసటి ఏడు, ఆవిడ ఇంకా అక్కడే ఉండగా, మళ్ళీ జాతర రోజుల్లోనే తనిఖీ పడింది. చాటింపు పడింది, యజమానురాలు పొద్దు గూకేలోపల రమ్మంది. కేంద్రంలో జనరేటరు గదికి కొత్త రంగు వేశారు. ఆఖరి తొట్టికి మూత ఉంది. తీసి చూస్తే నీళ్ళు అడుగు కనబడేలా ఉన్నాయి. గట్టు మీద రాయి లేదు. శాంపిలు తీసి సీలు వేసి, మొదటి తొట్టి వైపు నడిచాను. కమ్మీల పక్కన, కంపు అన్నిటికన్నా ఎక్కువగా ఉండే చోట, చిన్న సిమెంటు దిమ్మె కట్టి దాని మీద ఆ గుండ్రాయిని పెట్టారు. పసుపు కొత్తది. వేపమండలు పచ్చిగా ఉన్నాయి.

ఆవిడ గదిలోంచి దబరా పట్టుకుని వచ్చింది. ముందు ఒక స్టీలు గ్లాసులోకి వంచింది. రాగంబలి, మీద తరిగిన ఎర్రగడ్డ ముక్కలు, మజ్జిగ పులుపు వాసన ఆ కంపును కూడా దాటి వచ్చింది. ఎండ మాడుస్తోంది. గ్లాసు నా వైపు చాపింది.

"తాగండి సామీ. కడుపులో సల్లగుంటాది."

చిన్నప్పుడు మా ఇంట్లో ఎండాకాలమంతా ఇదే తాగేవాళ్ళం. గ్లాసు బయట చెమట పట్టి ఉంది. దాన్ని కాదనడానికి నాకు మేడగది కారణం ఒక్కటీ అక్కర్లేదు. రాగులు, మజ్జిగ, ఉల్లిపాయలు, వాటితో నాకు తగువేమీ లేదు. కానీ సీలు వేసిన క్యాన్లు జీపులో ఉన్నాయి. ఫలితం ఇంకా రాలేదు. ఆవిడ ఉద్యోగం మళ్ళీ వాటి మీదే ఉంది.

"తనిఖీకి వచ్చినచోట ఏమీ తాగనమ్మా."

"నాకు తెల్సులే. అయినా అడగాల గదా."

ఆవిడ ముఖంలో చిన్నబుచ్చుకున్న జాడ లేదు. గ్లాసు వెనక్కి తీసుకుని, కమ్మీల మీదుగా మొదటి తొట్టిలోకి నెమ్మదిగా వంచింది. "మీ వంతు గూడా ఆమెకే," అంది. తర్వాత దబరా కూడా వంచి, అడుగున మిగిలింది డ్రైవరుకు పోసింది. అతను రాయికి ఎదురుగా గొంతుకు కూర్చుని ఆబగా తాగాడు.

నేను జీపులోకి వెళ్ళి డబ్బా విప్పాను. పెరుగన్నం ఎండకు వేడెక్కి పులిసింది. అద్దంలోంచి వాళ్ళిద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుకోవడం కనబడుతోంది, మాటలు మాత్రం బ్లోయరు మోతలో వినబడలేదు.